నల్లోడి చదువు

మా నల్లోడికి ఎనిమిదో నెల నడుస్తోంది. తలుపు గడియ చప్పుడును బట్టి నేను ఎటు బయల్దేరానో కనిపెట్టేస్తాడు. మన్యంలో అందరూ కోరుకునేది ఇలాంటి కుక్కనే, తిప్పలు పెట్టేదీ ఇలాంటిదే. మందకొడి కుక్క నీడ చూసుకుని పడుకుంటుంది. తెలివైనది ఊరికే ఉండలేదు. పని చూపించకపోతే తనే ఒకటి వెతుక్కుంటుంది.

అరకు చుట్టుపక్కల పల్లెల్లో కుక్క కావలి కాయాలి. చేలో అడవిపందులు పడితే మొరిగి లేపాలి, మేకల వెంట నడవాలి. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్లు వేటకు కదిలితే వెంట పరుగెత్తిన కుక్కల సంతతి ఇవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అది మంచిదే. కుక్కలోని తరిమే గుణం మాత్రం పోలేదు. అదిప్పుడు పక్కింటి కోళ్ల మీదికీ, దారిన పోయే బైకుల మీదికీ మళ్లింది.

కోడిని పట్టిన చాలాసేపటికి దగ్గరకు పిలిచి కర్ర తీస్తే కుక్కకు తప్పు తెలియదు. పిలిస్తే వెళ్లాను, దెబ్బ పడింది అనే నేర్చుకుంటుంది. రేపటి నుంచి పిలిచినా రాదు. చూపు కోడి మీదికి తిరగగానే, కాలు ఇంకా కదలకముందే పిలవాలి. వెనక్కి వచ్చిన మరుక్షణం ఎండుచేప ముక్క పెట్టాలి. మొదట తాడు కట్టి దూరం నుంచి కోళ్లను చూపించాలి, కుదురుగా ఉన్నకొద్దీ దగ్గరకు తీసుకెళ్లాలి. మా ఊరి మేకల కాపరి తాత దీన్నే రెండు ముక్కల్లో చెప్పాడు: “కొట్టకు బాబూ, పని సెప్పు.” నల్లోడు ఇప్పుడు పొద్దున్నే ఆయన మంద వెంట వెళ్తున్నాడు. కోళ్ల జోలికి పోవడం బాగా తగ్గింది.

నన్ను నిజంగా బాధపెడుతున్నది రోడ్డు. వలిసె పూలు పూసే శీతాకాలంలో గాలికొండ వ్యూ పాయింట్ దగ్గరా, బొంగు చికెన్ పొయ్యిల దగ్గరా కార్లు బారులు తీరుతాయి. అక్కడ తిరిగే కుక్కకు పదిమందిలో ఒకరు ముచ్చటపడి ఎముక విసురుతారు. ఆ ఒక్కరే చాలు. ప్రతిసారీ దొరికి ఆగిపోయిన తిండి మీద జంతువు త్వరగా ఆశ వదులుకుంటుందనీ, ఎప్పుడో ఒకసారి దొరికేదాని కోసం విసుగు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటుందనీ అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాల్లో తేలింది. అందుకే ఆ కుక్క రోజంతా కార్ల మధ్య తిరుగుతుంది, తలుపుల మీదికి ఎగబడుతుంది, చక్రాల కింద పడుతుంది. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి పేగుల్లో గుచ్చుకునే ప్రమాదమూ ఉంది.

ఇలా తిండికి ఎగబడే అలవాటు మాన్పించేటప్పుడు మొదట్లో కుక్క ఇంకా పేచీ పెడుతుంది, ఎక్కువ మొరుగుతుంది. చాలామంది అక్కడే జాలిపడి ఓ ముక్క పడేస్తారు. దాంతో మరింత మొరిగితే దొరుకుతుందని దానికి అర్థమవుతుంది. ఇంట్లోవాళ్లంతా ఒక్క మాట మీద ఉంటే ఈ దశ దాటొచ్చు. రోడ్డు మీద అందరినీ ఒక్క మాట మీదికి తెచ్చేవారెవరు? కొండకు వచ్చేవాళ్లను ప్రాధేయపడుతున్నాను: తిన్నాక ఎముకలను విస్తరాకులోనే చుట్టి చెత్తబుట్టలో వేయండి. కుక్క ఎంత బతిమాలినట్టు చూసినా సరే.