కట్టప్ప ప్రశ్న - సీమ ప్రేక్షకుడు

జానపద చిత్రమనగానే పెదవి విరిచే అలవాటు మన సాహిత్య మిత్రులలో చాలామందికి ఉన్నది. కత్తియుద్ధం చూసి ఈల వేసేవాడికి ఆలోచన ఉండదని వారి నమ్మకం. నేను అలా అనుకోను.

2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం విడుదలైంది. 2017 ఏప్రిల్ 28న రెండవ భాగం వచ్చేదాకా మన కళాశాలల్లో, టీ దుకాణాల్లో నలిగిన ప్రశ్న ఒక్కటే: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? (కర్నూలువారికి ఆ చిత్రం మీద కొంత హక్కు కూడా ఉన్నది. 2013 జూలైలో చిత్రీకరణ మొదలైనది ఓర్వకల్లు రాళ్ల మధ్యనే.) మా విద్యార్థులలో కొందరు ఏదో కుట్ర ఉందన్నారు. కొందరు బాహుబలి అసలు చావనే లేదన్నారు. పల్లె నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మాత్రం, పెద్దాయన చెప్పినాక ఇంక ఎందుకనేదేముంటాది సార్ అన్నాడు. అందరూ నవ్వారు.

రెండవ భాగం వాడి మాటనే నిలబెట్టింది. శివగామి ఆజ్ఞాపించింది, కట్టప్ప బ్రతిమాలాడు, చివరకు వెన్నులో పొడిచాడు. ఇంతేనా అని చాలామంది ఉస్సురన్నారు. వారు వెతికిన రహస్యం కట్టప్ప మనసులో లేదు. పూర్వులు సింహాసనానికి చేసిన ప్రమాణానికి కట్టుబడిన బానిస అతడు. చంపడానికి కారణం ఆజ్ఞ ఇచ్చినవారికి ఉంటుంది, కత్తి పట్టినవాడికి ఉండదు. రచయిత విజయేంద్రప్రసాద్, దర్శకుడు రాజమౌళి ఈ బానిసత్వాన్ని విశ్వాసమనే పేరుతో చూపారు. శివుడి పాదాన్ని కట్టప్ప తలమీద పెట్టుకున్నప్పుడు హాలంతా ఈలలే.

కర్నూలు, కడప జిల్లాలలో ఇది ఎరగని కథ కాదు. నాయకుని మాటమీద వేటకొడవలి పట్టి, జైలుకో కాటికో పోయిన అనుచరులలో సెంటు భూమి లేనివారు ఎందరో! ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఇంద్ర’ (2002) వంటి చిత్రాలు నాయకుని దుఃఖాన్నే లెక్కించాయి. కట్టప్పకు పేరైనా దక్కింది.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని తలుచుకుంటే నాకు మరింత బాధ కలుగుతుంది. దర్శకుడు తాడిపత్రి కె.వి. రెడ్డి, నిర్మాత కడప జిల్లా పొట్టిపాడు నాగిరెడ్డి. అందులో కత్తి పట్టిన తోటరాముడు తోటమాలి కొడుకు. అతడు చేసింది విప్లవమేమీ కాదు, మాయతో మేడ కట్టి రాజుగారి అల్లుడయ్యాడు. అయినా ఆనాటి ప్రేక్షకుడు ఈల వేసింది తనవంటివాడికి. అరవై నాలుగేళ్ల తర్వాత వచ్చిన శివుడు కొండజనంలో పెరిగినా, రాజరక్తమని బయటపడిన తర్వాతనే జనానికి నాయకుడవుతాడు. ఈ మలుపు గురించి మన విద్యార్థులలో చర్చే జరగలేదు!

రెండవ భాగం చూసివచ్చిన మరునాడు ఆ పల్లె పిల్లవాడు మళ్లీ నా దగ్గరకు వచ్చాడు. ఈ బానిసతనం వంశంలో దిగేదైతే, కట్టప్పకు పెండ్లాం బిడ్డలు ఏరి సార్ అని అడిగాడు. చిత్రమంతా మనసులో వెతికాను. ఎక్కడా కనబడలేదు.