చెరిగిపోయే సిరా

ఐలీన్ ఓనీల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1998లో రాసిన వ్యాసం పేరిది. తత్వశాస్త్రమా, మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. పదిహేడో శతాబ్దపు యూరప్‌లో ఆడవాళ్ళు తత్వగ్రంథాలు రాశారు, అచ్చు వేయించారు, మహామహులతో వాదించారు. పందొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి చరిత్ర పుస్తకాల్లో వాళ్ళ పేర్లు దాదాపు లేవు. ఏమైపోయినట్టు?

పేరు లేకుండా అచ్చు వేయడం ఒక కారణమంటుంది ఓనీల్. ఆన్ కాన్వే పుస్తకం ఆవిడ పోయిన పదకొండేళ్ళకి, 1690లో, పేరు లేకుండానే వచ్చింది. (మన దగ్గర మగవాళ్ళే ఆడపేర్లు పెట్టుకుని నవలలు రాసిన రోజులున్నాయి. ఎంత తేడా!) రెండో కారణం మరీ గడుసుది. మతం, స్త్రీల విద్యలాంటివి అసలు తత్వశాస్త్రమే కాదని తరవాతి పండితులు గీత గీసేశారు. ఆడవాళ్ళు రాసినదాంట్లో చాలా భాగం గీతకి అవతల పడిపోయింది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఎలిజబెత్. బొహీమియా రాజకుమారి. రాజ్యం పోయి హాలండ్‌లో తలదాచుకున్న కుటుంబం. 1643లో, ఇరవై నాలుగేళ్ళ వయసులో, డెకార్ట్‌ని ఉత్తరం రాసి నిలదీసింది: మనసుకి రూపం లేదు, దేన్నీ తాకలేదు అంటారే, మరి అది శరీరాన్నెలా కదిలిస్తుంది? ఆయన జవాబు ఆవిడకి రుచించలేదు, మళ్ళీ అడిగింది. ఆయన పోయాక తన ఉత్తరాలు అచ్చు వేయడానికి ఒప్పుకోలేదు. అవి వెలుగు చూసింది 1879లో! అప్పటిదాకా లోకం జవాబులే చదువుకుంది. ప్రశ్నలు అడిగినావిడ గొంతు వినిపించనేలేదు.

ఓనీల్ వ్యాసంలో లోపం లేకపోలేదు. పేర్ల మీద పేర్లు, శుభలేఖ కింద బంధువుల పట్టీలాగా. ఈవిడ ఏమందో అని ఆగేలోపు ఇంకొకావిడ వచ్చేస్తుంది. ఆ కొరత 2001లో తీరింది. మార్గరెట్ కావెండిష్ 1666లో రాసిన శాస్త్రగ్రంథాన్ని పీఠికతో, వివరణలతో ఓనీల్ మళ్ళీ ప్రచురించింది. ఇంకొకరి పుస్తకానికి అంత చాకిరీ చెయ్యడానికి ఎంత ఓపిక కావాలో రాసేవాళ్ళకి తెలుస్తుంది.

కావెండిష్ తన పుస్తకాలు తన పేరుతోనే వేసుకున్న మనిషి. 1667లో లండన్ రాయల్ సొసైటీకి ప్రయోగాలు చూడ్డానికి వెళ్తే, పెపీస్ అనే పెద్దమనిషి డైరీలో ఆవిడ వేషాన్ని వెక్కిరించాడు! ఓనీల్ 2017లో పోయింది. కావెండిష్ పుస్తకాన్ని ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు, రాసినావిడ పేరుతో సహా.