ఒక్కసారి కోపంగా చూడండి

తెలంగాణలోని కొమురవెల్లిలో, మల్లన్న దేవుడి గాథ చెప్పే ఒగ్గు కథ వినేవాళ్ల చూపు కథకుడి నొసటి మీదే ఉంటుంది. డోలు ఉరుముతుంటే మల్లన్నకు కోపం వచ్చిన ఘట్టంలో కనుబొమ్మలు రెండూ దగ్గరికొచ్చి, మధ్యన రెండు నిలువు గీతలు లేస్తాయి. మరుక్షణం ఆయన దేవేరి మేడలమ్మ మాట చెప్పాలి. గీతలు మాయమై బొమ్మలు పైకి పోతాయి, నుదుటి మీద అడ్డంగా మూడు నాలుగు ముడతలు. వేషం మార్చుకునే వ్యవధి లేదు. బండారి (పసుపు) పూసుకున్న ఆ ఒక్క ముఖమే దేవుడూ, దేవేరీ.

సరిగ్గా ఆ రెండు నిలువు గీతలు పోవాలనే చాలామంది హైదరాబాద్‌లో స్కిన్ డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నారు. కుర్చీలో కూర్చోగానే డాక్టర్ అనే మాట విచిత్రంగా ఉంటుంది: "ఒక్కసారి కోపంగా చూడండి." నవ్వొస్తుంది. నవ్వాపుకుని బొమ్మలు ముడిస్తే, కండరం ఎక్కడ ఉబ్బిందో వేలితో తడిమి పెన్సిల్‌తో చుక్కలు పెడతారు. మామూలుగా ఐదు చుక్కలు. మందు బొటాక్స్ అయితే చుక్కకు నాలుగు యూనిట్లు, మొత్తం 20. ఒక్కో చోట పడేది 0.1 మిల్లీలీటరు మాత్రమే. సన్నటి సూది, చీమ కుట్టినంత నొప్పి, పది నిమిషాల పని.

ఇంత తక్కువ మందు చేసే పని చర్మం మీద కాదు. కండరాన్ని ముడుచుకోమని చెప్పడానికి నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. బొటాక్స్‌లో ఉండే బొటులినమ్ టాక్సిన్ అనే విషం నరం కొసలోకి దూరి, ఆ రసాయనం బయటికి రావడానికి కావలసిన ఒక ప్రోటీన్‌ను కోసేస్తుంది. కండరానికి కబురు అందదు. డోలు ఆగితే ఆడేవాడు నిలబడిపోయినట్టు, అది ఊరుకుంటుంది. చచ్చిపోదు.

ఈ మందు పుట్టుక మాత్రం అందాల లోకంలో కాదు. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ అనే ఊళ్లో ఒకరి అంత్యక్రియలకు వాయించడానికి వెళ్లిన బ్యాండు వాళ్లు పంది మాంసం తిని పడిపోయారు, కొందరు చనిపోయారు. ఆ మాంసంలోంచే వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త ఈ విషాన్ని తయారుచేసే బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. అదే విషాన్ని కొలిచి మెల్లకన్నుకు మందుగా మార్చింది శాన్‌ఫ్రాన్సిస్కో కంటి డాక్టర్ అలన్ స్కాట్. 1989లో అమెరికా అనుమతి వచ్చింది. కెనడాలో కంటి డాక్టర్ జీన్ కారుథర్స్ దగ్గర కనురెప్పల వణుకుకు వైద్యం చేయించుకుంటున్న ఒకామె, తన నొసలు కూడా నున్నగా అవుతోందని గమనించింది. ముడతల కోసం వాడటానికి అనుమతి 2002లో దొరికింది.

కొమురవెల్లి మల్లన్నది పుట్టమన్ను విగ్రహం. కల్యాణానికి ముందు కొన్ని రోజులు దర్శనం ఆపి మూలవిరాట్టుకు రంగులు దిద్దుతారు, దృష్టి కుంభం అనే క్రతువు తర్వాతే భక్తులకు మళ్లీ ఆ కళ్లు కనబడతాయి. బొటాక్స్‌నూ అలాంటి పైమెరుగే అనుకుని వెళ్లేవాళ్లున్నారు. చిక్కంతా అక్కడే. ఇది పైపూత కాదు, ఒక కదలికను ఆపడం. బొమ్మలు ముడిచినప్పుడే కనిపించే గీతలు బాగా పోతాయి. ముఖం కదలకపోయినా కనిపించే లోతు చారలు కాస్త పలచబడతాయంతే. ఎండలో ఏళ్ల తరబడి పనిచేసి కమిలిన చర్మానికి ఈ సూదితో ఒరిగేది తక్కువ. బుగ్గ జారిందనుకుంటే అది వేరే సంగతి, చర్మం కింద నింపే ఫిల్లర్ల లెక్క.

ఇంటికొచ్చి అద్దం చూసుకుంటే ఏమీ ఉండదు. డబ్బులు దండగయ్యాయని ఆ రాత్రే బెంగపడక్కర్లేదు. మూడు నాలుగు రోజులకు మొదలై, పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పడుతుంది. సూది గుచ్చిన చోట కమిలిన మచ్చ, ఒకట్రెండు రోజుల తలనొప్పి మామూలే. ఆ రోజు ముఖం రుద్దొద్దు, మసాజ్ వద్దు. అరుదుగా మందు పక్కకు పాకి కనురెప్ప వాలుతుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది గానీ, ఆ వారాల్లో పెళ్లి ఫొటోలుంటే గోలే. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా లాంటి కండరాల జబ్బున్నవాళ్లు దీని జోలికి పోకూడదు.

సూది వేసేది డాక్టరేనా, మందు ఏ కంపెనీది, ఎన్ని యూనిట్లు అన్నవి మొహమాటం లేకుండా అడగాలి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు. పార్లర్‌లో చవగ్గా వేస్తామంటే లేచి రావడమే మేలని ఈ కాలమ్ రాసే మనిషి అభిప్రాయం. మంచి డాక్టర్ అయితే "మీరేం పని చేస్తారు?" అని కూడా అడగాలి. బడిపిల్లల్ని కనుచూపుతోనే కూర్చోబెట్టే టీచరమ్మకైనా, స్టేజీ ఎక్కేవాళ్లకైనా నొసలు పనిముట్టే. వాళ్లకు కాస్త తక్కువ మందుతో సగం కదలిక ఉంచొచ్చు. ఒగ్గు కథకుడికి పూర్తి మోతాదు వేస్తే మల్లన్న కోపం డోలు ఒక్కటే మోయాలి.

ఎలా వేసినా మూడు నాలుగు నెలలకు నరం మళ్లీ కబుర్లు మొదలుపెడుతుంది. కొమురవెల్లి జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా సాగుతుంది. సంక్రాంతి ముందు సూది వేయించుకున్నవాళ్లు ఉగాది పచ్చడి నోట్లో పోసుకునేసరికి, వేపపువ్వు చేదుకు బొమ్మల మధ్య ఆ గీతలు సన్నగా మళ్లీ కదులుతాయి.