ముందు చెయ్యి చూడాలి

డిసెంబరు, జనవరి నెలల్లో బీరంగూడ చలి మామూలుగా ఉండదు. పక్కనున్న పటాన్‌చెరులో ఉష్ణోగ్రత హైదరాబాద్ నగరం కంటే బాగా పడిపోతుంది. వేళ్లు మొద్దుబారుతున్నాయంటూ నా దగ్గరికి ఆక్యుపంక్చర్ కోసం జనం వచ్చేదీ అప్పుడే.

మొన్న గ్రైండింగ్ పని చేసే ఒకాయన వచ్చాడు. "పొద్దుగాల బండి మీద డ్యూటీకి పోతుంటే ఈ రెండు వేళ్లు తెల్లగ పాలిపోతయి సార్. తర్వాత నీలం తిరుగుతయి. లోపలికి పోయినంక ఎర్రగయి ఒకటే మంట" అన్నాడు. 1862లో ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో వర్ణించిన జబ్బు ఇదే. చలికి వేళ్లలోని సన్నని రక్తనాళాలు బిగుసుకుపోతాయి. రక్తం అందక తెలుపు, ఉన్న రక్తంలో ఆక్సిజన్ తగ్గి నీలం, నాళాలు మళ్లీ తెరుచుకున్నాక ఎరుపు.

సూది మందం పావు మిల్లీమీటరు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి పెడతాను, మిగతావి వేళ్ల సందుల్లో. కాళ్లకైనా అంతే. "నొప్పి లేదు గాని లోపల గుంజుతున్నది" అంటే సూది సరైన చోట పడ్డట్టు. కాసేపటికి దాని చుట్టూ చర్మం ఎర్రబడుతుంది. గుచ్చినచోట నరాల కొసలు విడుదల చేసే రసాయనాలు నాళాలను వదులు చేస్తాయి. ఆ ఎరుపు చూస్తే నాకు ఇప్పటికీ సంతోషమే.

1997లో జర్మనీ వైద్యులు 33 మంది రేనో రోగుల మీద చేసిన అధ్యయనంలో, సూదులు పెట్టించుకున్నవాళ్లకు ఈ బాధ రావడం 63 శాతం తగ్గింది. పెట్టించుకోనివాళ్లకు 27 శాతం. చిన్న అధ్యయనమే. పైగా వాళ్లెవరికీ వేరే జబ్బు వల్ల వచ్చిన బాధ కాదు. మా ప్రాంతంలో కథ వేరు. రోజంతా అదిరే యంత్రం పట్టుకున్నా వేళ్లు తెల్లబడతాయి. అమెరికాలో సున్నపురాయి చెక్కే కార్మికుల చేతుల్లో అలిస్ హామిల్టన్ 1918లోనే ఈ సంగతి గమనించింది. బీడీలు నాళాలను ఇంకా బిగిస్తాయి. షుగర్ ఉన్నవాళ్ల అరికాలి తిమ్మిరి మరో రకం: అది నరాల దెబ్బ. పాదం మీద నాడి అందకపోయినా, వేలికి పుండు ఉన్నా నేను సూది ముట్టను, రక్తనాళాల డాక్టరు దగ్గరికి పంపేస్తాను. చలివల్లే అనుకుని సూదులతో వారాలు గడిపితే వేలే పోవచ్చు.

ఆయనకు సూదులు పెట్టాను, బీడీ మానమన్నాను. రామచంద్రాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి చీటీ రాసిచ్చాను. గ్రైండర్ మీద ఎన్నేళ్లుగా పనిచేస్తున్నాడో అందులో మొదటి వాక్యంలోనే రాశాను.