లిట్టోరినా నత్తలు: జాతి నిర్ణయంలో సాక్ష్యం ఏది?

ఐరోపా రాతి తీరాల్లో, ఆటుపోట్ల మధ్య ప్రాంతంలో గుంపులుగా కనిపించే చిన్న నత్తలు లిట్టోరినా ప్రజాతికి చెందినవి. డేవిడ్ రీడ్ 1996లో ప్రచురించిన ‘సిస్టమాటిక్స్ అండ్ ఎవల్యూషన్ ఆఫ్ లిట్టోరినా’ ఈ ప్రజాతిపై ముఖ్యమైన గ్రంథం. దీన్ని పరిశీలించేటప్పుడు మీరు ఒక ప్రశ్న గుర్తుంచుకోండి: జాతిని నిర్ణయించడానికి రచయిత దేన్ని సాక్ష్యంగా తీసుకున్నారు?

పూర్వం ప్రధాన సాక్ష్యం కర్పరమే. 1792లో ఒలివి వర్ణించిన లిట్టోరినా సాక్సాటిలిస్ కర్పరం చోటును బట్టి మారుతుంది. స్వీడన్ పశ్చిమ తీరంలో పీతలు ఎక్కువగా ఉన్నచోట అది మందంగా, ముఖద్వారం చిన్నదిగా ఉంటుంది. అలల తాకిడి ఎక్కువైన రాళ్లపై అదే జాతి కర్పరం పలుచగా, ముఖద్వారం పెద్దదిగా ఉంటుంది. ఇటువంటి భేదాలను చూసి ఈ ఒక్క జాతికే వందకు పైగా పేర్లు పెట్టారు.

దీనికి వ్యతిరేకమైన పొరపాటూ జరిగింది. సాక్సాటిలిస్‌తో కలిపి లెక్కిస్తూ వచ్చిన కొన్ని నత్తలను 1978లో లిట్టోరినా ఆర్కానా అనే కొత్త జాతిగా వేరుచేశారు. సాక్సాటిలిస్ ఆడనత్త పిల్లలను శరీరంలోని సంచిలో పెంచి బయటికి వదులుతుంది. ఆర్కానా ఆడనత్త జిగురు ముద్దలో గుడ్లు పెడుతుంది. కర్పరాలు మాత్రం దాదాపు ఒకేలా ఉంటాయి.

రీడ్ అనవసరమైన పేర్లను తొలగించి, శరీర నిర్మాణానికీ ప్రజనన విధానానికీ ప్రాధాన్యం ఇచ్చారు. గ్రంథానికి బలం ఇదే. దాని పరిమితి కూడా ఇక్కడే ఉంది. మగనత్తలకు పిల్లల సంచి ఉండదు, గుడ్లను జిగురుతో కప్పే గ్రంథీ ఉండదు. ఖాళీ కర్పరంలో ఏ అవయవమూ మిగలదు. పైగా 2024లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన అధ్యయనం ప్రకారం, మొత్తం జీనోమ్ ఆధారంగా గీసిన వంశవృక్షంలో పిల్లలను కనేవీ గుడ్లు పెట్టేవీ రెండు వేరు శాఖలుగా విడిపోలేదు. కనుక రీడ్ గీసిన హద్దు ఉపయోగకరమే అయినా, దాన్ని చివరి మాటగా తీసుకోకూడదు.

సాక్ష్యం ఎంతవరకు ఉంటే పేరు అంతవరకే రాయాలి. ఖాళీ కర్పరానికి సాక్సాటిలిస్ అని చీటీ అంటిస్తే, దాన్ని నమ్మినవారు ఆ తీరంలో ఆర్కానా లేదని తేల్చవచ్చు. అటువంటప్పుడు ప్రజాతి పేరు రాసి, ‘జాతి నిర్ణయించలేదు’ అని చేర్చండి. పరీక్షకులు దాన్ని లోపంగా చూడకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పిల్లల సంచి లేని నత్త ఒకటి మీకు దొరికింది. అది ఆర్కానాయేనని రాయవచ్చా? కారణం తెలపండి.