ఐరేని కుండయు, జపాను గిన్నెయు

పగిలిన గిన్నెను లక్కతో నతికి, ఆ యతుకుపై బంగారుపొడి నద్దు జపాను పద్ధతిని మెచ్చుకొనువారు మనలోను పెరుగుచున్నారు. ఈ మెప్పు గిన్నెతోనే యాగవలెనా, దానిని చేసిన చేతివరకు పోవలెనా యని విచారింతము.

క్యోటో నగరమున దైతోకుజి ఆలయపు ఆవరణలో కిజాయెమోన్ అను పాత్ర యొకటి కలదు. తేనీటి సేవకు దానిని మించినది లేదని రసికులు చెప్పుదురు. 1931లో దానిని చూచిన యానగి సోయెత్సు అను విమర్శకుడు, అది కొరియా పేదల అన్నపు గిన్నె మాత్రమే యనియు, పేరులేని కుమ్మరి కీర్తి నాశింపక చేసినందుననే యది సుందరమైనదనియు వ్రాసెను. నిత్యోపయోగ వస్తువులందే సౌందర్యము కలదని చాటి, 1936లో టోక్యోలో జానపద శిల్పశాలను నెలకొల్పిన యానగి మనకు పూజ్యుడే. ఆయన మాటలో సత్యము కలదు. కాని సగమే కలదు.

పేరు లేకుండుట కుమ్మరి కోరుకొన్నదా, లోకము వానికి విధించినదా? కిజాయెమోన్ అనునది ఒకప్పుడు ఆ గిన్నెకు స్వామియైన వర్తకుని పేరు! కొన్నవాని పేరు నిలిచినది; చేసినవాని పేరు నిలువలేదు. 1592 మొదలు 1598 వరకు హిదెయోషి సేనలు కొరియాపై దండెత్తి, అచ్చటి కుమ్మరులను పెక్కుమందిని చెరపట్టి తెచ్చెను. అరితా, సత్సుమా పాత్రల ప్రఖ్యాతికి వారి చేతులే మూలము. ఇట్టి చరిత్ర గల పేరులేమిని సద్గుణముగా గొనియాడుట న్యాయమని మాకు తోచదు.

ఇక మన సంగతి. తెలుగు పెండ్లిలో కుమ్మరి యింటినుండి రంగులు పూసిన ఐరేని కుండలను మేళతాళములతో దెచ్చి పూజింతుము. చావునాడు పగులగొట్టునదియు కుండయే. శుభమునకు నశుభమునకు అక్కరకు వచ్చు ఆ కుండకు కుమ్మరి ధర చెప్పినచో గీచిగీచి బేరమాడుదుము. అంగడిలో పింగాణి కప్పునకు అడిగినంతయు చెల్లింతుము. పింగాణి పరిశ్రమకు పనికివచ్చు మేలైన బంకమన్ను మన ద్వారకా తిరుమల ప్రాంతముననే దొరకుచున్నది. కనుక కొరత మన్నుది కాదు, మన్ననది.

జపాను గిన్నెను మెచ్చుకొనుడు; అందు దోషము లేదు. కాని రాబోవు పెండ్లికి కుండలు తెచ్చునప్పుడు, చేసినవాని పేరడిగి, బేరమాడక వెల యిచ్చి, ఆ పేరును పిల్లలకు చెప్పుడు. అతుకవలసిన పగులు మొదట అచ్చట నున్నది.