బిచిత్రుని జహంగీరు చిత్తరువు

రాజుల చిత్తరువులను గూర్చి వ్రాయునపుడు మన విమర్శకులు తఱచుగా నొక్కటే ప్రశ్న వేయుదురు: పోలిక కుదిరినదా, లేదా? అద్దములోని ప్రతిబింబమువంటి చిత్రమునకుఁ జాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమందు విద్ధమని పేరు. అంతటితోఁ దృప్తి నొందువారు, జహంగీరు పాదుషా కొలువునందలి బిచిత్రుఁడు 1615-18 ప్రాంతమున వ్రాసిన చిత్తరువును జూడవలయును. (బిచిత్రుఁడనఁగా మన విచిత్రుఁడే; వకారము బకారమైనది.) అది యిప్పుడు అమెరికాలో వాషింగ్టను నగరమునందలి ఫ్రియరు చిత్రశాలలో నున్నది.

పాదుషా యిసుకగడియారమును బీఠముగాఁ జేసికొని కూర్చున్నాఁడు. తలవెనుక సూర్యచంద్రులు కలసిన తేజోమండలము. ఎదుట, పైనుండి క్రిందికి వరుసగా, అజ్మీరు దర్గాకుఁ బెద్దయైన షేకు హుసేను, తురుష్క సుల్తాను, ఇంగ్లండు రాజగు జేమ్సు, కడపటఁ జిత్రకారుఁడు. పాదుషా గ్రంథమును షేకున కిచ్చుచున్నాఁడు, రాజులవంకఁ జూడఁడు.

ఇది ముఖస్తుతియని కొందఱందురు. కాదనను. అయినను గడియారమును జూడుఁడు. వేయేండ్లు రాజ్యమేలు మను కోరికను రెక్కల బాలురు గాజుపై వ్రాయుచున్నారు; ఆ గాజులోని యిసుక చాలవఱకుఁ గ్రిందికి జాఱిపోయినది. స్తుతియు సత్యమును నొక్కచోటనే యున్నవి.

ఇఁక శీలము. వ్యాకరణరీతిని జెప్పవలెనన్నఁ బాదుషా కర్త, గ్రంథము కర్మ, షేకు సంప్రదానము. కర్త స్వతంత్రుఁడని మా శాస్త్రము. ఇచ్చట మాత్రము పుచ్చుకొనువాఁడు లేనిది ఇచ్చువాని మహిమయే లేదు. ఆభరణమొక్కటియు లేని యా ముదుసలి మొగమునుబట్టియే రాజు గుణము తెలియవలసియున్నది. ఆయన గ్రంథమును జేతితో ముట్టక వస్త్రముపై నందుకొనుచున్నాఁడు.

మద్యపానముచేతఁ దన చేతులు వణఁకెడివనియు, నితరులు తనకుఁ ద్రాగింపవలసివచ్చెననియు జహంగీరు తన స్వీయచరిత్రమందే యొప్పుకొనెను. చిత్తరువులోని చేయి వణఁకదు. దీనిని నేను దోషముగా నెంచను. నాకుఁ దోఁచు దోషము వేఱు. సాధువు నాదరించుటకు రాజులను గ్రింద నిలువఁబెట్టవలసిన పని యేమి? వినయమునకు సాక్షులు కావలసివచ్చినప్పు డది వినయమగునా? చిత్రకారుఁ డెఱిఁగి వ్రాసెనో, యెఱుఁగక వ్రాసెనో, పాదుషా గర్వము గ్రంథమిచ్చు చేతియందుకంటె నా రాజుల నిలుకడయందే నాకు స్పష్టముగాఁ గానవచ్చుచున్నది.

బిచిత్రుఁడు చేతిలో మఱియొక చిన్న చిత్రమును బట్టికొనియున్నాఁడు. దానిలోను దానే వంగి నమస్కరించుచున్నాఁడు. సంతకము పాదుషా పాదపీఠముపైఁ జేసెను.